టిఫిన్ కుదరడం లేదా? తేడా గిన్నెలో ఉందో, మనసులో ఉందో ముందు చూడండి

ఇంట్లోనే టిఫిన్ చేసుకుని తినాలని మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట, "నాకు క్రమశిక్షణ లేదు" అని. చాలాసార్లు అది నిజం కాదు. మంట ఎక్కువై ఉంటుంది, కొలత తప్పి ఉంటుంది, లేదంటే పళ్లెంలో ఉండాల్సినది ఒకటి లేకపోయి ఉంటుంది. ఇవన్నీ వంటింట్లోనే సర్దుకునే విషయాలు. తిండి మీద పెరిగిన భయం మాత్రం అలా పోదు. దానికి ఎన్ని వంటలు మార్చినా లాభం ఉండదు. అందుకే ముందు గిన్నె సంగతి, తర్వాత మనసు సంగతి చూద్దాం.

తిన్న రెండు గంటలకే ఆకలి

కారణం: పళ్లెంలో పిండిపదార్థం, తీపి తప్ప ఇంకేమీ లేకపోవడం. జామ్ రాసిన బ్రెడ్, పళ్లరసం, తీపి కలిపిన సీరియల్ తొందరగా అరిగిపోతాయి. ఓట్స్ మంచివే గానీ 40 గ్రాముల ఓట్స్‌లో ప్రోటీన్ సుమారు 5 గ్రాములే ఉంటుంది. వాటిని నీళ్లలో ఉడికించి పైన తేనె పోసుకుంటే ఆ 5 గ్రాములే మిగులుతాయి.

పరిష్కారం: అవే ఓట్స్‌ని 200 మిల్లీలీటర్ల పాలలో ఉడికించి 30 గ్రాముల బాదం వేసుకోండి. ప్రోటీన్ 17, 18 గ్రాములకు చేరుతుంది. బాదం పడనివాళ్లు పక్కన ఒక గుడ్డు పెట్టుకోవచ్చు, దాంట్లో 6 గ్రాముల దాకా ఉంటుంది. పళ్లరసం బదులు పండే తింటే పీచు కూడా అందుతుంది. ఓట్స్‌లో కూడా బాగా సన్నగా చేసిన ఇన్‌స్టంట్ రకం కంటే ముతక రకం నెమ్మదిగా అరుగుతుంది.

ఇంకో కారణం ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. క్యాలరీలకు భయపడి కొంచెమే వడ్డించుకుంటారు, ఆకలి వేయగానే తమని తామే తిట్టుకుంటారు. సరిపడా తినలేదు కాబట్టి ఆకలి వేసింది, అంతే. రేపటి నుంచి ఇంకో గరిటె ఎక్కువ వేసుకోండి.

ఓట్స్ జావ జిగురుగా అవుతోంది, లేదా పొంగిపోతోంది

గరిటె ఆపకుండా తిప్పుతుంటే గింజలోని పిండి బయటికి వచ్చి జావ జిగురు కడుతుంది. రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి) ఒక కప్పు అయితే నీళ్లు, పాలు కలిపి రెండు కప్పులు చాలు. ముందు అవి మరగాలి, ఆ తర్వాతే ఓట్స్ వేయాలి. మంట తగ్గించి 5 నిమిషాలు ఉంచండి, మధ్యలో రెండుసార్లు కలిపితే సరిపోతుంది. దించి మూత పెట్టి ఇంకో రెండు నిమిషాలు వదిలేయండి.

పాలలోని ప్రోటీన్, ఓట్స్ పిండి కలిసి నురగను గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే అంతగా పొంగుతుంది. పెద్ద గిన్నె తీసుకోండి, ముందు నీళ్లలో ఉడికించి పాలు చివర్లో పోయండి. చప్పగా ఉందని చక్కెర పెంచేముందు, ఉడికేటప్పుడే చిటికెడు ఉప్పు వేసి చూడండి.

గుడ్డుతో తిప్పలు

పచ్చసొన చుట్టూ బూడిద రంగు, ఆకుపచ్చ కలిసినట్టు ఒక వలయం కనిపిస్తే గుడ్డు పాడైందని పారేస్తుంటారు. ఎక్కువసేపు ఉడికినప్పుడు తెల్లసొన నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు వస్తుంది. తింటే ఏమీ కాదు. మరిగే నీళ్లలో 10, 11 నిమిషాలు ఉంచి వెంటనే ఐస్ నీళ్లలో వేస్తే ఆ వలయం రాదు.

పెంకుతో పాటు తెల్లసొన ఊడి వస్తోందంటే గుడ్డు మరీ తాజాది అయి ఉంటుంది. ఉడకబెట్టడానికి వారం కిందటి గుడ్లు నయం. చన్నీళ్లలో పెట్టి కాచే బదులు, మరుగుతున్న నీళ్లలోకి మెల్లగా దించితే పెంకు సులువుగా వస్తుంది. పొరటులో నీరు ఊరుతోందంటే గుడ్డు పొయ్యి మీద ఎక్కువసేపు ఉందన్నమాట. ప్రోటీన్ బిగిసి నీటిని వదిలేస్తోంది. సన్నని సెగ మీద చేసి, ఇంకా కాస్త తడిగా ఉండగానే దించేస్తే పెనం వేడికి మిగతాది ఉడుకుతుంది.

పాన్‌కేక్ రబ్బరులా సాగుతోంది

పిండిని ఎక్కువ కలిపారు. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ముడిపడి గట్టిపడింది. చిన్న ఉండలు ఉన్నా వదిలేసి 10 నిమిషాలు పక్కన పెట్టండి. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే మంట తగ్గించాలి. సబ్బులా చేదు తగిలితే వంటసోడా ఎక్కువైంది, లేదా దానికి తోడు మజ్జిగలాంటి పులుపు వేయలేదు.

ఇంట్లో చేసిందే కదా అని తీపి పెరిగిపోవడం

తేనె, సిరప్ వేస్తే చక్కెర లెక్కలోకి రాదని చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనెనూ, పళ్లరసంలోని తీపినీ కూడా చక్కెరతోపాటే లెక్కగట్టింది. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ఆ పరిమితి సుమారు 50 గ్రాములు, 25కి తగ్గిస్తే ఇంకా మేలు. ఇంట్లో చేసే గ్రానోలాలో, అంటే ఓట్స్, గింజలు, తీపి కలిపి కాల్చిన మిశ్రమంలో, ఇది తేలిగ్గా దాటిపోతుంది. తీపి మొత్తం మానేయమని నేను చెప్పను. వారానికి ఒక చెంచా చొప్పున తగ్గిస్తూ, అరటిపండు, ఎండుద్రాక్ష లాంటివి కలపండి. నాలుక అలవాటు పడుతుంది.

పొద్దున ఆకలే ఉండదు, అయినా బలవంతంగా తినడం

టిఫిన్ మానేస్తే లావైపోతామనే భయం దీని వెనక ఉంటుంది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 13 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి వేసింది. టిఫిన్ తింటే బరువు తగ్గుతారనడానికి అందులో ఆధారం దొరకలేదు. కాబట్టి ఆకలి వేసినప్పుడే తినండి, డబ్బాలో పెట్టుకుని పదింటికి తిన్నా అది టిఫినే. రాత్రి భోజనం ఆలస్యమవుతోందేమో కూడా చూసుకోండి. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పూట మార్చకూడదు.

రోజంతా తిండి ఆలోచనే, తిన్నాక తప్పు చేసినట్టు టెన్షన్

ఇక్కడి నుంచి మనసు సంగతి. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే పరిశోధకుడి బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించి గమనించింది. వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, అంతకుముందు వాళ్లకు వాటి మీద పెద్ద ఆసక్తి లేదు. కడుపు మాడ్చుకుంటే మెదడు తిండి చుట్టూనే తిరుగుతుంది. దాన్ని బలహీనత అనుకుని ఇంకా బిగిస్తే ఆ ధ్యాస ఇంకా పెరుగుతుంది.

చేయాల్సింది: ఒక పూట ఎక్కువ తింటే తర్వాతి పూట మానేయకండి, దాన్ని మామూలుగా, మామూలు వేళకే తినండి. వంటని "మంచిది", "చెడ్డది" అనకుండా "కడుపు నిండింది", "తీపి ఎక్కువైంది" అని ఉన్నదున్నట్టు చెప్పుకోండి. పిల్లల ముందు ఇది మరీ ముఖ్యం, మనం తిండి గురించి అనే ప్రతి మాటా వాళ్లు వింటారు.

ఇంట్లో నేను చేసింది తప్ప ఏదీ తినలేకపోవడం

మొదట చక్కెర, తర్వాత నూనె, తర్వాత పాలు. ఒక్కోటీ మానేస్తూ పోతుంటే తినేవి వేళ్ల మీద లెక్కపెట్టేలా అవుతాయి. స్నేహితులు పిలిచినా అక్కడ ఏం పెడతారోనని వెళ్లరు. శుద్ధమైన తిండి మీది ఈ పట్టుదలకు అమెరికన్ డాక్టర్ స్టీవెన్ బ్రాట్‌మన్ 1997లో ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు. బయటికి ఇది మంచి అలవాటులా కనిపిస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు కూడా. అందుకే ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఇంకా తొలిదశలోనే ఉంటే వారానికి ఒకసారి ఇంకొకరు వండింది, ఏమేం వేశారని అడగకుండా తినండి. అది చేయలేకపోతే, బరువు తగ్గుతుంటే, కళ్లు తిరుగుతుంటే, నెలసరి ఆగితే ఇంట్లో సర్దుకుందామని ఆగకుండా డాక్టర్‌ని కలవండి. మానసిక నిపుణుల సాయం కూడా అవసరం కావచ్చు. వెళ్లేముందు, ఈ ఏడాదిలో మానేసిన పదార్థాలు ఏవి, ఏ నెలలో, ఎందుకు మానేశారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో డాక్టర్‌కి దాంతో త్వరగా అర్థమవుతుంది.