విండోస్ 11లో పాత బిల్లింగ్ ప్రోగ్రాం తెరుచుకోకపోతే

విండోస్ 11కి మారగానే షాపులో పాత బిల్లింగ్ ప్రోగ్రాం ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కొత్తది కొనేముందు ఇది చూడండి. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్లండి. కంపాటిబిలిటీ మోడ్‌కి టిక్ పెట్టి లిస్టులో విండోస్ 7 ఎంచుకోండి. కుదరకపోతే ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. కిందే ఉన్న 'రన్ దిస్ ప్రోగ్రాం యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్'కీ టిక్ పెట్టి ఓకే నొక్కండి.

తెరుచుకుంటోంది గానీ బిల్లు సేవ్ కావట్లేదా? డేటా ఫోల్డర్‌ని ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ప్రోగ్రాం ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టి అందులో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములకు మాత్రం ఇది పనిచేయదు. విండోస్‌కి ముందు నాటి డాస్ ప్రోగ్రాములైతే, వాటిని నడపడానికే ఉన్న డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు నడుస్తాయి.