విశాఖలోని చిన్న సంస్థలు క్లౌడ్ ఖర్చును పోల్చుకునే పద్ధతి

అమెజాన్ (ఏడబ్ల్యూఎస్), మైక్రోసాఫ్ట్ (అజ్యూర్), గూగుల్ సంస్థలు ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్ల, అంటే క్లౌడ్ ధరలను బేరీజు వేసేటప్పుడు చాలామంది సర్వర్ (అద్దె కంప్యూటర్) గంట ధర దగ్గరే ఆగిపోతారు. నెల బిల్లును పెంచేది మాత్రం చాలాసార్లు సర్వర్ నుంచి బయటికి వెళ్లే డేటాయే. అందువల్ల ధరల పట్టిక తెరవడానికి ముందే మన పనికి ఎన్ని గంటల సర్వర్, ఎంత నిల్వ, ఎంత డేటా కావాలో కాగితం మీద రాసుకోవాలి.

ద్వారకానగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ 400 మంది విద్యార్థులకు పాఠాలను వీడియోలుగా అందిస్తోందనుకుందాం. ఒక్కొక్కరు నెలకు 5 జీబీ చూస్తే 2,000 జీబీ బయటికి వెళ్తుంది. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో (ఆ ప్రాంతపు డేటా సెంటర్లలో) మొదటి 100 జీబీ ఉచితం కాగా, ఆపై జీబీకి 0.1093 డాలర్ల చొప్పున మిగిలిన 1,900 జీబీకి సుమారు 208 డాలర్లవుతుంది. అక్కడే టీ3 మీడియం అనే రకం సర్వర్‌ను నెలంతా, అంటే 730 గంటలు నడిపితే అయ్యేది సుమారు 33 డాలర్లే. ఇలాంటి పనికి సర్వర్ ధరలో పదో పరకో తగ్గించుకోవడం కన్నా, వీడియోలను ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌ఫ్రంట్ వంటి సీడీఎన్ (చూసేవారికి దగ్గరలోని సర్వర్ల నుంచి ఫైళ్లు అందించే సేవ) ద్వారా పంపితే ఎంతవుతుందో మూడు సంస్థల దగ్గరా లెక్కగట్టడం మేలు.

సర్వర్లను పోల్చేటప్పుడు సంస్థలు ప్రకటించే కొలతలను పూర్తిగా నమ్మకూడదు. ఏడబ్ల్యూఎస్ టీ3 మీడియం, అజ్యూర్ బీ2ఎస్, గూగుల్ ఈ2 మీడియం మూడింటికీ 2 వీసీపీయూలు (సర్వర్‌కు కేటాయించే ప్రాసెసర్ భాగాలు), 4 జీబీ మెమరీ ఉంటాయి. అయితే టీ3 మీడియంలో ఒక్కో వీసీపీయూకు నిలకడగా దక్కేది 20 శాతం సామర్థ్యమే. అంతకు మించి ఎక్కువసేపు వాడితే, అన్‌లిమిటెడ్ పద్ధతిలో (పరిమితి దాటినా వేగం తగ్గించని అమరికలో) అదనపు రుసుము పడుతుంది. ఈ2 మీడియంలో అది 50 శాతం. రోజంతా భారం ఉండే పనికి ఇవేవీ తగవని నా అభిప్రాయం.

రీజియన్‌ను బట్టి ధర మారుతుంది కనుక ముంబైని ముంబైతోనూ, అజ్యూర్ విషయంలో పుణెలోని సెంట్రల్ ఇండియా రీజియన్‌తోనూ పోల్చాలి. విశాఖలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్‌తో కూడిన ఏఐ (కృత్రిమ మేధ) హబ్ నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అయినా ఎంచుకున్న రీజియన్ ధరే మనకు వర్తిస్తుంది తప్ప, మన ఊరికి డేటా సెంటర్ దగ్గరైనంత మాత్రాన బిల్లు తగ్గదు.

చిల్లర ఖర్చులనూ వదలకూడదు. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే సంఖ్యకు) గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తోంది. సర్వర్‌ను ఆపినా డిస్కు అద్దె ఆగదు. అజ్యూర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి నుంచి ఆపితే సరిపోదు, అజ్యూర్ వెబ్ పోర్టల్‌లో డీఅలోకేట్ చేస్తేనే (సర్వర్‌కు కేటాయించిన వనరులను వదిలేస్తేనే) సర్వర్ రుసుము నిలుస్తుంది.

ఏడాదికో మూడేళ్లకో ఒప్పందం చేసుకుంటే రాయితీ వస్తుంది, కానీ రెండు మూడు నెలల వాడకం చూడకుండా దానికి ఒప్పుకోవద్దు. చివరగా మూడు మొత్తాలనూ ఒకే రోజు మారకం విలువతో రూపాయల్లోకి మార్చి, 18 శాతం జీఎస్టీ కలిపి పక్కపక్కన పెట్టండి. జీఎస్టీ నమోదు ఉన్నవారు ఖాతాలో ఆ నంబరు ఇచ్చి, ఇన్‌పుట్ క్రెడిట్‌కు (కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడానికి) తమకు అర్హత ఉందో లేదో ఆడిటరును అడగండి.