గెలాక్సీల సొంత వేగం లెక్కేసి సూపర్‌క్లస్టర్ హద్దు గీయడం ఎలా

సూపర్‌క్లస్టర్ అంటే గెలాక్సీల గుంపులు కలిసిన మహా సమూహం, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఫొటో చూసి చెప్పలేం, అందులో గెలాక్సీలు ఎటు పోతున్నాయో చూడాలి. విశ్వం విస్తరించడం వల్ల వచ్చే వేగం తీసేస్తే మిగిలేదే గెలాక్సీ సొంత వేగం.

ముందు గెలాక్సీ స్పెక్ట్రమ్ కావాలి, అంటే దాని కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ. హైడ్రోజన్ ఆల్ఫా గీత 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలిచే చిన్న కొలత) దగ్గర ఉండాలి, మనం పట్టిన గెలాక్సీలో అది 6661.4 దగ్గర ఉందనుకోండి, అంటే రెడ్‌షిఫ్ట్ (గీత ఎరుపు వైపు జరిగిన వాటా) 0.015, కాంతి వేగంతో గుణిస్తే సెకనుకి 4500 కిలోమీటర్లు. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ కాంతితో పోలిస్తే సూర్యుడు కూడా సింహరాశి వైపు సెకనుకి 370 కిలోమీటర్ల చొప్పున పోతున్నాడు కదా, అది సరిచేశాకే ఈ 4500 వచ్చిందనుకుందాం.

ఇప్పుడు దూరం. దీన్ని రెడ్‌షిఫ్ట్ నుంచి మాత్రం తీయొద్దు, తీస్తే సొంత వేగం ఎప్పుడూ సున్నానే వస్తుంది. స్పైరల్ (సుడి ఆకారంలో ఉండే గెలాక్సీ) అయితే 1977లో ఖగోళ శాస్త్రవేత్తలు టల్లీ, ఫిషర్ చెప్పిన పద్ధతి వాడండి: ఎంత జోరుగా తిరిగితే అంత ఎక్కువ వెలుగు. తిరిగే వేగం హైడ్రోజన్ వాయువు పంపే 21 సెంటీమీటర్ల రేడియో గీత వెడల్పులో తెలుస్తుంది, దాంతో అసలు వెలుగు తెలిసింది, కనిపించే వెలుగుతో పోలిస్తే దూరం వచ్చేస్తుంది. మనకి ఎదురుగా పళ్లెంలా కనిపించేవి వదిలేయండి, వాటిలో వెడల్పు సరిగా దొరకదు.

దూరం 56 మెగాపార్సెక్‌లు (ఒక్కోటి సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) వచ్చిందనుకోండి. హబుల్ స్థిరాంకం, అంటే ఒక్కో మెగాపార్సెక్ దూరానికి విస్తరణ పెంచే వేగం, సెకనుకి 75 కిలోమీటర్లు పెడితే విస్తరణ వాటా 4200, మిగిలిన 300 దాని సొంత వేగం.

అసలు తలనొప్పి ఇక్కడే. దూరంలో 20 శాతం తేడా మామూలు, అంటే 4200లో సెకనుకి 840 కిలోమీటర్లు, మన జవాబు 300! ఒక్క గెలాక్సీతో ఏం తేలదు, ఒకే గుంపులో 16 దొరికితే సగటు తీస్తే ఆ 840 కాస్తా 210 అవుతుంది. పైగా మనకి తెలిసేది దగ్గరికొస్తుందా దూరం పోతుందా అనేదే, పక్కకి జరిగేది కనపడదు, అందుకే వేల గెలాక్సీలు వేసి వీనర్ ఫిల్టర్ అనే గణిత పద్ధతితో మొత్తం ప్రవాహాన్ని అంచనా కడతారు.

తర్వాత హద్దు. మహాబలేశ్వరంలో పడ్డ వాన ఒకవైపు కృష్ణలోకి, ఇంకోవైపు అరేబియా సముద్రంలోకి పోయినట్టు, ప్రవాహం విడిపోయే చోటే గీత గీయాలి. 2014లో టల్లీ, కుర్తువా, హాఫ్‌మన్, పొమరేడ్ 8000 పైన గెలాక్సీలతో ఇలాగే గీస్తే సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున్న లానియాకియా సూపర్‌క్లస్టర్ తేలింది, మనం అందులోనే ఉన్నాం. 2024లో ఇంకా పెద్ద డేటా వేసి చూస్తే అదంతా కలిసి షాప్లీ అనే ఇంకో సూపర్‌క్లస్టర్ వైపే పోతుండొచ్చని వచ్చింది.

మీరే చేసి చూడాలంటే ఎక్స్‌ట్రాగెలాక్టిక్ డిస్టెన్స్ డేటాబేస్‌లో దూరాలన్నీ ఫ్రీగా ఉన్నాయి, ఎర్రర్ కాలమ్ కూడా దించుకోండి, అది లేకపోతే మిగతావి ఎందుకూ పనికిరావు.