వేవ్‌లెట్లు నేర్చుకుందాం – 3: విశాఖ ఆటుపోట్ల మీద డీబీ2

వేవ్‌లెట్ అంటే డేటాలోని నెమ్మదైన, వేగమైన మార్పులను విడదీసే పొట్టి అల. కిందటి భాగంలో వాటిలో అతి సులువైన హార్ వేవ్‌లెట్‌తో జంట అంకెల మొత్తం, తేడా తీశాం. ఇప్పుడు డాబెషీ వేవ్‌లెట్ డీబీ2 (db2). డేటాగా విశాఖ పోర్టు సముద్రమట్టం తీసుకుందాం. గంటకో అంకె చొప్పున 1024 అంకెలు, అంటే దాదాపు 43 రోజులు.

సారం (నెమ్మదైన మార్పులు) తీసే ఫిల్టర్‌లో, అంటే డేటా మీద జరుపుతూ గుణించి కూడే వరసలో, నాలుగే అంకెలు: 0.4830, 0.8365, 0.2241, −0.1294. కోడ్‌లో వీటిని ఇలాగే టైపు చేయకండి, వెనక్కి కట్టేటప్పుడు (ముక్కల నుంచి మళ్లీ అసలు డేటా చేసేటప్పుడు) తేడా వస్తుంది. 1+√3, 3+√3, 3−√3, 1−√3 లెక్కగట్టి, ఒక్కొక్కదాన్నీ 4√2తో భాగించండి. ఈ వరసను తిరగేసి, రెండో, నాలుగో అంకెల గుర్తు మారిస్తే వివరాల (వేగమైన మార్పుల) ఫిల్టర్ వచ్చేస్తుంది.

పైథాన్ లైబ్రరీ పైటార్చ్‌లో రెండు ఫిల్టర్లనూ (2, 1, 4) ఆకారపు టెన్సర్‌గా (అంకెల పట్టికగా) పేర్చండి. డేటా ఆకారం (1, 1, 1024). దాని కుడి చివర సర్క్యులర్ ప్యాడింగ్‌తో మొదటి రెండు అంకెలనే అతికించి, స్ట్రైడ్ 2తో (రెండేసి అంకెలు జరుగుతూ) కాన్వ్1డి (conv1d) నడపండి, ఫిల్టర్‌ను డేటా మీద జరిపేది అదే. 512 అంకెల ఛానెళ్లు రెండు వస్తాయి: సారం, వివరం. కాన్వ్1డి ఫిల్టర్‌ను తిప్పదు. అందుకే పైవేవ్‌లెట్స్ (PyWavelets) లైబ్రరీ నుంచి విడదీసే ఫిల్టర్ తెచ్చుకుంటే ముందు తిరగేయాలి.

తర్వాత సారం మీదే మళ్లీ అదే పని: 256, 128. ఇలా ఒక్కో విడత ఒక్కో మెట్టు. పని ప్రతి మెట్టుకూ సగమవుతుంది కాబట్టి ఎన్ని మెట్లు దిగినా మొత్తం మొదటి మెట్టు పనికి రెండింతలు దాటదు. గణితవేత్త స్టెఫాన్ మాలా 1989లో చూపించిన ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇక అసలు విషయం. మూడో మెట్టు వివరాల్లో 8 నుంచి 16 గంటల అలలు పడతాయి. విశాఖలో రోజుకు రెండు పోట్లు, ప్రధాన చంద్ర అల 12.42 గంటలది, కాబట్టి బలం ఎక్కువగా ఇక్కడే కనిపించాలి. ఫిల్టర్ పొట్టిది కాబట్టి పక్క మెట్లకూ కొంత కారుతుంది, టెన్షన్ పడకండి. ప్రతి మెట్టులోనూ చివరి ఒకటి రెండు అంకెలను మాత్రం నమ్మకండి. 43వ రోజు నీటిమట్టం మొదటి రోజుతో అతుక్కున్న చోటు అది.

2004 డిసెంబర్ 26 సునామీ కూడా విశాఖ టైడ్ గేజ్‌లో (సముద్రమట్టం కొలిచే పరికరంలో) నమోదైంది. కానీ దాని అలలు నిమిషాల లెక్కలోవి, గంటకో అంకెలో సరిగ్గా పట్టుబడవు.

అభ్యాసం: కాన్వ్1డికి ఎదురు పని చేసే కాన్వ్‌ట్రాన్స్‌పోజ్1డితో, అవే ఫిల్టర్లు, అదే స్ట్రైడ్‌తో ఒక మెట్టు వెనక్కి కట్టండి. 1026 అంకెలు వస్తాయి. చివరి రెండింటినీ మొదటి రెండింటికి కలిపి, తీసేయండి. పాత డేటాతో సరిపోలితేనే నాలుగో భాగానికి రండి, అందులో నిమిషానికో అంకె ఉన్న డేటా తీసుకుందాం.