ఇంటి కంప్యూటర్ భద్రత, 4వ పాఠం: కొత్త యాంటీవైరస్ వేసే ముందు పాతది నిజంగా పోయిందా?

ఏ యాంటీవైరస్ తీసుకోవాలో ఈసారి చెబుతానని మాటిచ్చాను. చెబుతాను, కానీ ముందు మూడో పాఠం తెచ్చిపెట్టిన తంటా తేల్చాలి. "నెలకోసారి ఇంకో కంపెనీ స్కానర్‌తో కూడా చూసుకోండి" అని అందులో ఒక్క ముక్క రాసి వదిలేశాను. చాలామంది దాన్ని "ఇంకో యాంటీవైరస్ కూడా వేసుకోండి" అని అర్థం చేసుకున్నారు. ఆ తేడా అప్పుడే విడమరచి చెప్పాల్సింది, తప్పు నాదే.

గుంటూరు నుంచి ఒక టీచర్ గారు రాశారు: కంప్యూటర్ ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా డెస్క్‌టాప్ రావడం లేదట. డల్లాస్‌లో ఉన్న ఒకాయన తెనాలిలో నాన్నగారి కంప్యూటర్‌లో ఫోన్ మీద చెబుతూ రెండోది వేయించారు, ఇప్పుడు మొదటిది రెండోదాన్ని వైరస్ అంటోంది, పెద్దాయనకు టెన్షన్. ఇంకొకరి దగ్గరైతే మూడున్నాయి: ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్, షాపువాళ్ళు వేసిచ్చినది, నా పాఠం చదివి వేసుకున్నది.

యాంటీవైరస్ ఎప్పుడూ ఆన్‌లో ఉండి కాపలా కాస్తుంది. మీరు ఏ ఫైలు తెరిచినా, తెరుచుకునే ముందే విండోస్ లోపల ఆ దారిలో నిలబడి చూస్తుంది. స్కానర్ అలా కాదు, పిలిస్తే వచ్చి చూసి వెళ్ళిపోతుంది. ఒకే దారిలో రెండు కాపలాలు పెడితే ఒకటి తనిఖీకి ఫైలు తెరుస్తుంది, తెరిచారు కదా అని రెండోది అదే ఫైలును మళ్ళీ తనిఖీ చేస్తుంది. ఒకటి పట్టి దాచిన వైరస్ ముక్కలు రెండోదాని కంటపడితే మళ్ళీ అలారం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కాపలాకు ఒక్కటే ఉండాలి. స్కానర్లు ఎన్నయినా పిలుచుకోవచ్చు, నేనైతే ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్ వాడతాను, ఉచితం. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా మంచిదే, డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు పనిచేయదు కాబట్టి ప్రతిసారీ కొత్తది దించుకోవాలి. కాకపోతే అది మైక్రోసాఫ్ట్‌దే, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండరూ మైక్రోసాఫ్ట్‌దే, అందుకని రెండో అభిప్రాయం అనుకోవద్దు. ఏ స్కానరైనా పని అయ్యాక "ట్రయల్ వేయమంటారా" అని అడిగితే వద్దు అని నొక్కండి.

సరే, అదనంగా ఉన్నది తీసేయాలి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ చేయడం మీకు వచ్చు. దాదాపు ప్రతి యాంటీవైరస్ కంపెనీ తమదాన్ని ఆనవాళ్ళతో సహా తుడిచేయడానికి ఒక రిమూవల్ టూల్ ఇస్తుంది, దాన్ని ఆ కంపెనీ సొంత సైట్ నుంచే ముందుగా దించిపెట్టుకోండి.

"తీసేశాను, అయినా పోలేదు" అని రాసినవాళ్ళలో నేను అడిగి చూసిన ప్రతి ఒక్కరూ ఒకే పని చేశారు. అన్‌ఇన్‌స్టాల్ చేశారు, షట్‌డౌన్ చేశారు, పొద్దున్నే ఆన్ చేశారు. రీస్టార్ట్ చేయమంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం ఇంకా మంచిది కదా అంటారు. కాదు! విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది, చాలా కంప్యూటర్లలో ముందే ఆన్‌లో ఉంటుంది. అది ఉంటే మీరు షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ గుండెకాయలాంటి భాగం, దానితో పాటు డ్రైవర్లు (విండోస్ లోపల లోతుగా పనిచేసే చిన్న ప్రోగ్రాములు), ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీదకు ఎక్కుతాయి, మర్నాడు అక్కడి నుంచే తిరిగి లేస్తాయి. యాంటీవైరస్ కాపలా కాసేది సరిగ్గా అలాంటి డ్రైవర్‌తోనే. అందుకే ప్రోగ్రాం పోయినా డ్రైవర్ మిగిలిపోవచ్చు. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద "అప్ టైమ్" చూడండి, రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా అక్కడ 12 రోజులు, 20 రోజులు అని కనిపించవచ్చు. రీస్టార్ట్ చేయండి, సున్నా నుంచి మొదలవుతుంది. ల్యాప్‌టాప్ మూత మూసి తెరవడం అసలు లెక్కలోకే రాదు. అన్‌ఇన్‌స్టాల్, రీస్టార్ట్, రిమూవల్ టూల్, మళ్ళీ రీస్టార్ట్. రెండుసార్లూ రీస్టార్టే.

తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో "మేనేజ్ ప్రొవైడర్స్" నొక్కండి. యాంటీవైరస్ వరుసలో ఆన్ అని ఒక్క పేరే ఉండాలి. బయటివన్నీ పోతే డిఫెండర్ తనంతట తానే లేస్తుంది.

ఇక ఎంపిక. ఒక్క కంప్యూటర్, బ్యాంకు పని, పిల్లల చదువు, ఫోటోలు ఉన్న ఇంటికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, మా ఇంట్లోనూ అదే. దాని లోపల "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ముందు ఆఫ్‌లో ఉంటుంది, అది ఆన్ చేయండి, తెలియని ప్రోగ్రాం మీ ఫోటోలను మార్చబోతే ఆపుతుంది. కొనాలనిపిస్తే, ఫోన్ చేసి మన దేశంలో మనిషితో మాట్లాడాలనుకునే పెద్దవాళ్ళకు పుణె కంపెనీ క్విక్ హీల్, చెన్నై కంపెనీ కె7 ఉన్నాయి. ఏది కొన్నా ముందు యాంటీవైరస్‌లను పరీక్షించే జర్మనీ సంస్థ ఏవీ-టెస్ట్ ఇచ్చే మార్కులు చూడండి: రక్షణకు 6, వేగానికి 6, వాడకానికి 6, మొత్తం 18. నేను ముందు చూసేది ఆ మూడోదే, అనవసరపు అలారాల లెక్క అక్కడే తేలుతుంది. ఊరికే అరిచే యాంటీవైరస్‌ను ఇంట్లోవాళ్ళు వారంలో ఆఫ్ చేసేస్తారు. వీపీఎన్, క్లీనర్ కలిపి అమ్మే పెద్ద ప్యాకేజీలు నేను కొనను. ఉచితమైనవాటిలో షరతులు చదవాలి: వాడేవాళ్ళు చూసిన సైట్ల వివరాలు అమ్మిందన్న ఆరోపణ మీద 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ చేత 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది.

విండోస్ అప్‌డేట్లు ఆపేసి యాంటీవైరస్ కోసం వెతికేవాళ్ళకు ఒక సంగతి. 2017 మే 12న, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై ప్రపంచాన్ని చుట్టేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది విండోస్‌లోకి దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, దాదాపు రెండు నెలల ముందు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంకా దానిమీదే ఉంటే యాంటీవైరస్ కొనే డబ్బు ముందు విండోస్ 11కి మారడానికి మళ్ళించండి.

అభ్యాసం. ఇంట్లో ఉన్న ప్రతి కంప్యూటర్‌లో అప్ టైమ్ ఎంత ఉందో, ప్రొవైడర్ల పేజీలో ఎవరి పేరుందో కాగితం మీద రాయండి. యాప్స్ జాబితా మొత్తం చదివి, ఇది ఎందుకుందో ఇంట్లో ఎవరూ చెప్పలేని ప్రతి ప్రోగ్రాం పక్కన ఒక గీత పెట్టండి. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అన్న సూచనతో వేసుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్లుంటే, తెలుగు టైపింగ్‌వి అయినా సరే, వాటి పక్కన రెండు గీతలు పెట్టి ముందు వాటిని తీసేయండి. చివరగా, యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ఇచ్చే ఐకార్ (EICAR) సంస్థ సైట్‌లో 68 అక్షరాల పరీక్ష వరుస ఉంటుంది. ఏ హానీ చేయదు, యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌లా పట్టుకునేలా ఒప్పందం. దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో, ముందూ వెనకా ఏమీ లేకుండా, అతికించి సేవ్ చేయండి. హెచ్చరిక రావాలి. రెండు హెచ్చరికలు, రెండు పేర్లతో వస్తే మళ్ళీ రిమూవల్ టూల్ దగ్గరకు వెళ్ళండి. ఏమీ రాకపోతే ఆ కంప్యూటర్‌లో ఇవాళ బ్యాంకు పని పెట్టుకోకుండా, ప్రొవైడర్ల పేజీలో ఏం కనిపిస్తోందో నాకు రాయండి.