నీడ కర్రతో భూమి వంపు కొలిస్తే లెక్క ఎక్కడ తప్పుతుంది?

మీటరు పొడవున్న ఇనుప చువ్వ, టేపు, సుద్దముక్క ఉంటే చాలు, హన్మకొండలో ఏ స్కూలు స్లాబు మీదైనా భూమి అక్షం ఎంత వంగి ఉందో తేల్చుకోవచ్చు. ఋతువులనూ పగటి నిడివినీ మార్చేది ఆ వంపే. వరంగల్ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం మీటరు చువ్వ నీడ డిసెంబరు 21న ఉత్తరానికి 88.3 సెం.మీ., మార్చి 21, సెప్టెంబరు 23 దగ్గర ఉత్తరానికే 32.5 సెం.మీ., జూన్ 21న దక్షిణానికి 9.5 సెం.మీ. పడాలి. సెంటీమీటరుకు మించి తేడా వస్తే కింద వెతకండి.

సమస్య: వంపు 23.4 డిగ్రీలు రావాలి, 18 వచ్చింది

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. నీడ పొడవును చువ్వ ఎత్తుతో భాగించి, ఫోన్ కాలిక్యులేటర్‌లో టాన్ విలోమం (tan⁻¹) నొక్కితే సూర్యుడు నడినెత్తికి ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడో తెలుస్తుంది. డిసెంబరు నీడకు 41.4, జూన్ నీడకు 5.4. (0.72 లాంటి అంకె వస్తే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి.) పిల్లలు 41.4లోంచి 5.4 తీసేసి సగం చేస్తారు, 18 వస్తుంది. అది వంపు కాదు, వరంగల్ అక్షాంశం.

కారణం: జూన్‌లో సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరం వైపు పోతాడు. డిసెంబరులో 41.4 డిగ్రీలు దక్షిణాన, జూన్‌లో 5.4 డిగ్రీలు ఉత్తరాన. రెండు కొసల మధ్య దూరం కావాలంటే కూడాలి: 46.8. అందులో సగం 23.4, అదే అక్షం వంపు.

పరిష్కారం: నోటుబుక్కులో పొడవు పక్కనే ‘దిక్కు’ అని ఇంకో గడి గీయండి. నీడ ఉత్తరానికి పడితే ప్లస్, దక్షిణానికి పడితే మైనస్. అప్పుడు 41.4లోంచి మైనస్ 5.4 తీసేసినా అదే 46.8 వస్తుంది. దిక్కు రాయని కొలత ఎంత జాగ్రత్తగా తీసినా పనికిరాదు. మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడినట్లు వేసే బొమ్మలు ఢిల్లీకి సరిపోతాయి, మనకు కాదు. వరంగల్‌లో మే 11-12 దగ్గర నీడ చువ్వ మొదట్లోకే ముడుచుకుంటుంది, ఆ తర్వాత ఆగస్టు 1 దాకా దక్షిణానికే పడుతుంది. ఆదిలాబాద్‌లో ఈ దాటుడు మే 19, జూలై 24 దగ్గర.

సమస్య: సరిగ్గా 12 గంటలకు కొలిచినా అది అన్నిటికన్నా పొట్టి నీడ కాదు

మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, వరంగల్ ఉన్నది 79.6 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన ఇక్కడ మధ్యాహ్నం సగటున 12 నిమిషాలు ఆలస్యం. పైగా భూమి కక్ష్య నిండు గుండ్రం కాకపోవడం వల్ల, అక్షం వంగి ఉండడం వల్ల ఆ సమయం ఏడాది పొడవునా జరుగుతుంటుంది: నవంబరు మొదటి వారంలో 11:55, ఫిబ్రవరి రెండో వారంలో 12:26, జూన్ 21న 12:13.

జూన్‌లో ఈ తేడా గట్టిగా కొడుతుంది. 12 గంటలకు నీడ పొడవు 11 సెం.మీ., దాని కొస దక్షిణం నుంచి పడమరకు 30 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటుంది. అందుకే 11:45 నుంచి 12:35 దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టండి. చువ్వ మొదటికి అన్నిటికన్నా దగ్గరున్న చుక్కనే లెక్కలోకి తీసుకోండి.

సమస్య: దిక్సూచి చూపే ఉత్తరానికీ నీడకూ పొంతన లేదు

స్లాబులో చువ్వలున్నాయి, మీరు నిలబెట్టిందీ ఇనుమే. దిక్సూచిని పక్కన పెట్టండి. చువ్వ మొదలే కేంద్రంగా సున్న గీయండి: డిసెంబరులో 120 సెం.మీ. వ్యాసార్ధం, జూన్‌లో 50. మధ్యాహ్నానికి రెండు గంటల ముందొకసారి, రెండు గంటల తర్వాతొకసారి నీడ కొస ఆ గీతను దాటుతుంది. ఆ రెండు చుక్కలను కలిపితే తూర్పు పడమరలు. ఆ గీత మధ్యనుంచి చువ్వ మొదటికి గీసింది ఉత్తర దక్షిణాలు.

సమస్య: నీడ అంచు అలుక్కుపోయింది

సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. డిసెంబరులో కొస దగ్గర సెంటీమీటరున్నర మేర మసకగా ఉంటుంది. చువ్వ పైన అట్టముక్క అడ్డంగా అతికించి, దానికి 5 మి.మీ. రంధ్రం చేయండి. నేల మీద పడే వెలుగు బిళ్ళ నడుమకు కొలవండి. రంధ్రం నుంచి మేస్త్రీ గుండు వేలాడదీసి, అది తాకిన చోటునే మొదలుగా గుర్తు పెట్టుకోండి, ఎత్తు కూడా రంధ్రం దాకానే. దీంతో చువ్వ ఒరిగిన తప్పు కూడా పోతుంది. ఒక్క డిగ్రీ ఒరిగినా కొస 1.7 సెం.మీ. జరుగుతుంది. 9.5 సెం.మీ. నీడకు అది చాలా పెద్ద తప్పు.

సమస్య: జూన్ 21న మబ్బు

కంగారు పడకండి. జూన్ 11 నుంచి జూలై 1 దాకా ఎప్పుడు ఎండ కాస్తే అప్పుడు కొలవండి, నీడలో సెంటీమీటరు తేడా కూడా రాదు. వానకాలం మొదలైందని ఏడాది కొలత వదులుకోవడం అనవసరం.

సమస్య: డిసెంబరు 21 అతి చిన్న పగలంటారు, జనవరిలో పొద్దు ఇంకా ఆలస్యంగా పొడుస్తోంది

రెండూ నిజమే. వరంగల్‌లో డిసెంబరు 21న పొద్దు 6:38కి పొడిచి 5:41కి గూకుతుంది. జనవరి 20న 6:46కి, 5:59కి. మధ్యాహ్నమే ఇంకా ఆలస్యంగా రావడంతో పొడుపు ఆలస్యమైంది, పగలు మాత్రం పది నిమిషాలు పెరిగింది. పొడుపు ఒక్కటే చూడకుండా మొత్తం నిడివి చూడండి: డిసెంబరులో 11 గంటల 3 నిమిషాలు, జూన్‌లో 13 గంటల 12 నిమిషాలు.

సంక్రాంతి నాటికి నీడ 82 సెం.మీ.కు తగ్గిపోతుంది, సూర్యుడి ఉత్తర నడక అప్పటికే మొదలైంది కాబట్టి. పంచాంగం మకర సంక్రమణాన్ని నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల ఆ లెక్కకూ నీడ లెక్కకూ ఇప్పుడు 24 డిగ్రీల ఎడం ఉంది.

సమస్య: బల్బు చుట్టూ గ్లోబు తిప్పితే మన దగ్గర ఎప్పుడూ ఎండకాలమే

తిప్పే చెయ్యి అక్షాన్ని కూడా బల్బు వైపే తిప్పేస్తోంది. గది ఉత్తరపు గోడ మీద ఒక గుర్తు పెట్టి, గ్లోబు బల్బుకు ఏ పక్కనున్నా అక్షం కొన ఆ గోడవైపే వాలేలా పట్టుకోండి.