కొల్లేరులో కొరమీను గాలానికి ఎందుకు పడట్లేదో ఇప్పుడు అర్థమైంది

ఆకివీడు వైపు కొల్లేరు గట్టున మూడు ఆదివారాలు కూర్చున్నానండీ, కొరమీను ఎర లాగుతుంది, నేను కర్ర ఎత్తేసరికి ఖాళీ గాలం వస్తుంది, లేకపోతే గుర్రపుడెక్క వేళ్ళకి చిక్కుకుని దారం తెగిపోతుంది. గాలం సైజు చిన్నదేమో అని మార్చా, ఫలితం లేదు.

మా మావయ్య చూసి, నువ్వు తొందరపడుతున్నావురా అబ్బాయ్ అన్నాడు. కొరమీను ఎరని ముందు నోట పట్టుకుంటుందంట, తర్వాత గానీ మింగదు, నీళ్ళ మీద తేలే బెండు కదలగానే లాగితే నోట్లోంచి జారిపోద్ది. అప్పట్నుంచి బెండు తీసేశా, దారం వేలికి తగిలించుకుని, అది పక్కకి లాక్కుపోయే దాకా ఆగి అప్పుడు గట్టిగా ఎత్తుతున్నా. దారం కూడా మందంది వేశా, ఎందుకంటే డెక్కలోకి దూరనిస్తే ఇక బయటికి రాదు. వానపాముకి జెల్ల చేపలే ఎక్కువ పడుతున్నాయి కాబట్టి ఎర కూడా మార్చి బతికున్న చిన్న పరిగె చేపని పెడుతున్నా.

ఇంకోటి, ఇది నాకు బాగా నచ్చిన సంగతి, కొరమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది కదా, డెక్క మధ్య ఖాళీలో నీళ్ళు టప్‌మన్న చోటు చూసుకుని సరిగ్గా అక్కడే వేయాలి. మొన్న రెండు పడ్డాయి.

ఎర్రగా కొరమీను పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం అక్కడ గాలం వేయకండి ప్లీజ్, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, వాటిని పట్టేస్తే ఆ పిల్లలన్నీ పోతాయి.